పైలట్ల కొరత ఉంటే ఈ కుర్రాళ్లు ఇళ్లలో ఎందుకున్నారు?

అశోక్ గజపతిరాజు తర్వాత పౌర విమానయాన శాఖ మళ్లీ ఉత్తరాంధ్రకే వచ్చింది. రాబోయే పది పదిహేనేళ్లలో దేశానికి 30 వేల మంది పైలట్లు కావాలని కేంద్ర మంత్రి రామ్మోహన్ నాయుడు చెబుతున్నారు. 2023లో ఇండిగో 500, ఎయిర్ ఇండియా 470 విమానాలకు ఆర్డర్లిచ్చాయి. భోగాపురం విమానాశ్రయం, దాని పక్కన విమానయాన విద్యా నగరం అనగానే విశాఖలో ఎంపీసీ చదివే పిల్లలున్న ఇళ్లలో ఆశలు మొదలయ్యాయి. కానీ కొరత కెప్టెన్లకే, అంటే విమానానికి సారథ్యం వహించే అనుభవజ్ఞులైన పైలట్లకే తప్ప కొత్తగా లైసెన్సు తెచ్చుకున్నవారికి కాదు. ఈ ముక్క తల్లిదండ్రులకు ఎవరూ చెప్పడం లేదు.

పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ 2023లో పదహారు వందలకు పైగా కమర్షియల్ పైలట్ లైసెన్సులు ఇచ్చింది. అదే ఏడాది మే నెలలో గో ఫస్ట్ విమానయాన సంస్థ మూతపడింది. ఎయిర్‌బస్ నడిపిన దాని పైలట్లూ అదే ఉద్యోగాల వేటలో పడ్డారు. చిన్న సెస్నా శిక్షణ విమానం మీద 200 గంటలు ఎగిరిన కుర్రాడు వాళ్లతో ఎలా పోటీ పడగలడు?

గాజువాకలో నాకు తెలిసిన ఒక కుర్రాడి లాగ్‌బుక్ చూశాను. గంటలు, నిమిషాలు, రాత్రి ఎగిరినవి, ఒంటరిగా ఎగిరినవి అన్నీ ముత్యాల్లాంటి అక్షరాలతో రాసుకున్నాడు. లైసెన్సు వచ్చాక పేజీలన్నీ ఖాళీ. అరకోటికి పైగా ఖర్చయింది, ఇల్లు తాకట్టులో ఉంది. ఉద్యోగం లేకపోయినా ఖర్చు ఆగదు. ఏటా వైద్య పరీక్ష, బయటేమీ కనిపించకపోయినా పరికరాలు చూసి విమానం నడిపే అర్హత అయిన ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్‌కు ఏటా రెన్యువల్, దానికి మళ్లీ విమానం అద్దె. అన్నిటికీ మించి టైప్ రేటింగ్, అంటే ఒక్కో రకం విమానం నడపడానికి విడిగా తెచ్చుకోవాల్సిన అర్హత. ఎయిర్‌బస్ 320కి ఒకటి, బోయింగ్ 737కి మరొకటి, ఏటీఆర్‌కు ఇంకొకటి. ఒక్కోదానికి లక్షలు పోయాలి. ముందే ఎయిర్‌బస్ రేటింగ్ చేస్తే రేపు బోయింగ్ విమానాలు నడిపే సంస్థ పిలవవచ్చు, అప్పుడు ఆ డబ్బంతా బూడిదలో పోసినట్టే. ఏ సంస్థ ఏ విమానం కొనబోతోందో సంస్థకు తెలుసు, కుర్రాడికి తెలియదు. అయినా ఆ జూదం ఆడాల్సింది మాత్రం కుర్రాడే.

శిక్షణ ఇచ్చాక పైలట్లు మరో కంపెనీకి వెళ్లిపోతున్నారని సంస్థల వాదన. అందులో నిజముంది. అందుకు ఇన్నేళ్లు మానేయబోమని బాండ్ రాయించుకోవచ్చు, ఎవరూ కాదనరు. ఖర్చు, నష్టభయం రెండూ అభ్యర్థి మీదికి నెట్టడం మాత్రం న్యాయం కాదు.

2025 డిసెంబరులో ఏం జరిగిందో గుర్తు చేసుకోండి. పైలట్ల విశ్రాంతి నిబంధనలు మారబోతున్నాయని ముందే తెలిసినా సరిపడా సిబ్బందిని సిద్ధం చేసుకోని ఇండిగో వేల విమానాలు రద్దు చేసింది. నియామకాలు ఆపేయడమే కారణమని పైలట్ల సంఘం అప్పుడే ఎత్తిచూపింది. విమానాశ్రయాల్లో జనం నేలమీద పడుకున్న ఆ రోజుల్లోనూ లైసెన్సున్న పిల్లలు ఇళ్లలోనే ఉన్నారు.

ఇదే విశాఖలో నేవల్ డాక్‌యార్డు అప్రెంటిస్ స్కూల్లో ఫిట్టర్ పని నేర్చుకునే కుర్రాడికి 1961 నాటి అప్రెంటిస్ చట్టం ప్రకారం స్టైపెండ్ వస్తుంది. ఉక్కు కర్మాగారం తన ట్రైనీలకు జీతమిచ్చి పని నేర్పింది. పని నేర్పడం యజమాని బాధ్యత అన్న ఆ నమ్మకమే ఈ ఊరికి మధ్యతరగతిని ఇచ్చింది. ఇప్పుడు ద్వారకానగర్ కోచింగ్ సెంటర్ల నుంచి కాక్‌పిట్ దాకా అన్నీ నేర్చుకుని, సొంత డబ్బు పెట్టుకుని, తయారై రమ్మంటున్నారు. కంపెనీలు భరించాల్సిన శిక్షణ ఖర్చు నాన్నల భవిష్య నిధి మీద, అమ్మల బంగారం మీద పడింది. నాకు కోపం తెప్పించేది ఇదే.

డీజీసీఏ 2025లో ఫ్లయింగ్ స్కూళ్లకు ర్యాంకులు ఇవ్వడం మొదలుపెట్టింది. తొలి జాబితాలో ఏ ఒక్కదానికీ ‘ఏ’ గ్రేడు దక్కలేదు. ఆ ర్యాంకు పక్కనే గత మూడేళ్లలో ఎందరు చేరారు, ఎందరికి లైసెన్సు వచ్చింది, ఎందరు కో పైలట్లయ్యారు అన్న లెక్క కూడా ఉండాలి. టైప్ రేటింగ్ ఖర్చు ఉద్యోగమిచ్చే సంస్థే భరించి, బాండ్ కాలంలో జీతం నుంచి కొంత కొంత రాబట్టుకోవాలి. భోగాపురం విద్యా నగరంలో ఫ్లయింగ్ స్కూలు పెట్టదలచిన ఎవరికైనా ప్రభుత్వం అనుమతి పత్రంలోనే ఈ షరతులు రాయాలి. మంత్రి మన జిల్లాల వారే. ఆయన్ని అడగాల్సింది మొదటి బ్యాచ్ ఫీజులు కట్టకముందే.