నాలుగో కాలు ఎవరికి కావాలి?

వచ్చే సోమవారం నుంచి మా ఆఫీసులో అందరికీ డేటా చదవడం నేర్పుతారట. అంకెలు చూసి నిర్ణయం తీసుకోవాలని చెబుతారట ఆ క్లాసులో! మరి ఇన్నేళ్లుగా మేం చేస్తున్నదేమిటి? ముందు నిర్ణయం తీసుకుంటాం, తర్వాత దానికి సాక్ష్యం చెప్పే అంకెల్ని పిలిపిస్తాం. పెద్దసారు పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. షీట్‌లో నాలుగోది కనబడితే దానికి ‘ఔట్‌లయర్’, అంటే మిగతావాటితో కలవని అంకె, అని పేరుపెట్టి తీసేయడమే మా డిపార్ట్‌మెంట్ పని.

ఈ విద్యలో మేం ఎవరికీ తీసిపోం. కస్టమర్ల ఫిర్యాదులకు సగటున రెండు రోజుల్లో జవాబిస్తాం. పది ఫిర్యాదులొస్తే తొమ్మిదింటికి కంప్యూటరే ఆ నిమిషంలోనే ‘మీ ఫిర్యాదు అందింది’ అని పంపేస్తుంది. పదోదానికి మనిషి ఇరవయ్యో రోజున రాస్తాడు. భాగిస్తే రెండే కదా! సరిగ్గా రెండో రోజున జవాబు అందుకున్నవాడు ఒక్కడూ లేడన్నది వేరే సంగతి. మీడియన్, అంటే వరసగా పేరిస్తే నడిమధ్యలో నిలిచే అంకె, తీస్తే సున్నా వస్తుందని ఈమధ్యే ఒకాయన కనిపెట్టాడు. వచ్చే క్వార్టర్ నుంచి అదే వాడాలనుకుంటున్నాం.

గ్రాఫులూ అంతే. కస్టమర్ల సంతృప్తి 97 నుంచి 98కి పెరిగింది. సున్నా నుంచి గీస్తే రెండు కడ్డీలూ కవలపిల్లల్లా ఉంటాయి. 96 నుంచి గీస్తే రెండోది మొదటిదానికి రెండింతలు. మొన్న మీటింగ్‌లో కొత్తగా చేరిన అమ్మాయి లేచి, “సార్, సున్నా ఎక్కడుందండీ?” అంది. కాసేపు ఏసీ చప్పుడు తప్ప ఏమీ వినబడలేదు. చివరికి సారే తేరుకుని, “స్లైడ్‌లో చోటు సరిపోలేదమ్మా” అన్నారు. ఇప్పుడు అడిగేది ఒక్కరే. రేపు నలభై మంది అడిగితే మీటింగ్ ఎప్పటికి తెమిలేను?

అసలు ఆ 97, 98 ఎక్కడివంటారా? మమ్మల్ని ఇంకా వదిలిపోని కస్టమర్లను అడిగి తెచ్చినవి. వదిలిపోయినవాళ్లు ఫోనెత్తరు, ఎత్తినా తిడతారు. దీనికీ ఆ అమ్మాయి ఓ కథ చెప్పింది. 1936 అమెరికా ఎన్నికల్లో లిటరరీ డైజెస్ట్ అనే పత్రిక దాదాపు కోటి మందికి కార్డులు పంపిందట. అడ్రసులు చాలావరకు ఫోన్ డైరెక్టరీల నుంచీ, కార్ల రిజిస్ట్రేషన్ల నుంచీ తీసినవి, అంటే ఎక్కువగా కలిగినవాళ్లవే. 20 లక్షలకు పైగా తిరిగొస్తే, అవి లెక్కబెట్టి, రూజ్‌వెల్ట్ మీద పోటీచేసిన లాండన్‌దే గెలుపంది. తీరా చూస్తే 48 రాష్ట్రాల్లో 46 రూజ్‌వెల్ట్‌వి. రెండేళ్లకు పత్రిక మూతపడింది. మాకా భయం లేదు. కోటి కార్డుల బడ్జెట్ ఉంటే కదా అంత పెద్ద పొరపాటు చేయడానికి!

షీట్ ఒకటి చెప్పి, లోకం ఇంకొకటి చెబితే లోకమే సర్దుకోవాలి. ఇది నా మాట కాదు. మార్చ్1, సెప్ట్1 అన్న జీన్ల (జన్యువుల) పేర్లను ఎక్సెల్ తేదీలుగా మార్చేస్తుంటే, విసిగిపోయిన శాస్త్రవేత్తలు 2020లో ఆ జీన్లకే కొత్త పేర్లు పెట్టుకున్నారు. మనిషి ఒంట్లోని జీనే ఎక్సెల్‌కు తలవంచాక మా అమ్మకాలెంత?

అయినా పైనుంచి ఆర్డర్ కాబట్టి సహకరిస్తున్నాను. శిక్షణ ఎలా జరిగిందో రిపోర్టు కావాలని సారు అడిగితే నిన్ననే ఇచ్చేశాను. 94 శాతం మందికి చాలా నచ్చింది. మిగతా 6 శాతం ఔట్‌లయర్లు.