గున్నమ్మను ఏ బీరువాలో వెతకాలి?

1940 ఏప్రిల్ 1న మందస జమీందారీ (నేటి శ్రీకాకుళం జిల్లా)లోని గుడారి రాజమణిపురంలో పోలీసుల కాల్పులకు సాసుమాన గున్నమ్మ ప్రాణాలు కోల్పోయింది. అడవి మీద రైతుల హక్కు కోసం సాగిన పోరాటమది. ఆమె గురించి పరిశోధన మొదలుపెట్టిన విద్యార్థికి ముందు తట్టేది మద్రాసు శాసనసభ చర్చల సంపుటాలు. ఇంత ఘోరం జరిగితే సభలో ఎవరో ఒకరు ప్రశ్న వేసే ఉంటారు కదా! కానీ ఆ సంపుటాల కోసం ఎన్నాళ్లు వెతికినా ఫలితం ఉండదు. 1939 అక్టోబరులో కాంగ్రెస్ మంత్రివర్గం రాజీనామా చేశాక పాలన గవర్నరు చేతికి వెళ్లింది, సభ నడవలేదు. అందుకని 1940లో పక్షానికోసారి ప్రభుత్వం ఢిల్లీకి పంపిన నివేదికలు, శాంతిభద్రతల మీద వెలువడిన జీవోలు, ఏప్రిల్ తొలి రెండు వారాల దినపత్రికలు చూడాలి. వాటిలో కూడా ‘స్త్రీలు’ అనే శీర్షిక కింద గున్నమ్మ కనబడదు. ‘జమీందారీలు’, ‘అడవులు’, ‘కాల్పులు’, ‘రైతు సంఘం’ అన్న మాటల కింద వెతకాలి.

ఉత్తరాంధ్ర స్త్రీల చరిత్రకు ఆధారాలు లేవనే మాట తరచూ వినబడుతుంది. ఆ మాట ఒప్పుకోవడానికి లేదు. ఆధారాలున్నాయి, అయితే అవి ఆడవాళ్ల పేరు మీద లేవు. పొందూరు సన్న ఖాదీనే చూడండి. వాలుగ చేప దవడ ఎముకతో పత్తిని శుభ్రం చేసి, సన్న నూలు వడికిన చేతులు ప్రధానంగా ఆడవాళ్లవి. వాళ్ల చరిత్ర కావాలంటే మాత్రం ‘ఖాదీ, చేనేత’ అరల దగ్గరికి వెళ్లాలి.

ఎక్కువ మంది తప్పటడుగు వేసేది జిల్లా సరిహద్దుల దగ్గర. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ఏర్పడేదాకా చికాకోలు (నేటి శ్రీకాకుళం), టెక్కలి, సోంపేట ప్రాంతాలు గంజాం జిల్లాలోవి. పాలకొండ, బొబ్బిలి, పార్వతీపురం విశాఖపట్నం జిల్లాలోవి. 1936 తర్వాత ఇటు మిగిలిన గంజాం భాగాలు విశాఖపట్నంలో కలిశాయి. శ్రీకాకుళం జిల్లా 1950లో, విజయనగరం 1979లో, పార్వతీపురం మన్యం 2022లో వచ్చాయి. కాబట్టి 1920 నాటి శ్రీకాకుళం ఆడపిల్లల బడి వివరం కావాలంటే గంజాం దస్త్రాలే దిక్కు. జిల్లా వివరాల గ్రంథాలకూ ఇదే వర్తిస్తుంది: ఫ్రాన్సిస్ రాసిన 1907 నాటి విశాఖపట్నం గెజెటీరులో చికాకోలు ఉండదు, అంతకు ముందరి గంజాం వివరాలకు మాల్ట్‌బీ 1882 నాటి మాన్యువల్ చూడాలి. 1931 జనాభా లెక్కల్లోని విశాఖపట్నం స్త్రీల అక్షరాస్యతను 1951 అంకెతో పక్కపక్కన పెట్టి పెరిగింది, తగ్గింది అని రాస్తే ఆ పట్టిక చెల్లదు. మధ్యలో జిల్లాయే మారిపోయింది. తాలూకా స్థాయికి దిగి, అవే తాలూకాలను రెండుచోట్లా కూడి చూడడం ఒక్కటే మార్గం.

విజయనగరం అనగానే గుర్తొచ్చే ఆధారానికీ ఈ జాగ్రత్త కావాలి. ‘కన్యాశుల్కం’ తొలి కూర్పుకు 1897లో గురజాడ ఇంగ్లీషులో ముందుమాట రాశారు. విజయనగరం మహారాజు తయారు చేయించిన ఒక జాబితా గురించి అందులో చెప్పారు. విశాఖపట్నం జిల్లా బ్రాహ్మణ కుటుంబాల్లో మూడేళ్లలో జరిగిన శుల్కం పెళ్లిళ్లు, అంటే ఆడపిల్లకు డబ్బు పుచ్చుకుని చేసినవి, అందులో 1,034. పెళ్లినాటికి అయిదేళ్లున్న పిల్లలు 99 మంది, నాలుగేళ్ల వాళ్లు 44, మూడేళ్ల వాళ్లు 36, రెండేళ్ల వాళ్లు ఆరుగురు, ఏడాది పిల్లలు ముగ్గురు. కలిపితే 188, అంటే వందకు పద్దెనిమిది మంది. గుండె కలుక్కుమనే అంకె. అయినా దీన్ని వాడేవాళ్లు మూడు సంగతులు మరవకూడదు. ఇది ఒక్క కులానికి చెందిన లెక్క. డబ్బు పుచ్చుకున్నామని ఒప్పుకునేవాళ్లు తక్కువ గనక అసలు సంఖ్య ఇంతకంటే ఎక్కువే ఉండాలి. ఇక చికాకోలు ఆనాడు గంజాంలో ఉంది కాబట్టి ఈ అంకెను నేటి శ్రీకాకుళం మొత్తానికి అంటగట్టడానికి వీల్లేదు.

తర్వాతి చిక్కు పేర్లతో. పెళ్లితో ఇంటిపేరు మారుతుంది. పాత దస్తావేజులో ‘ఫలానా వారి భార్య’ అని ఉంటుంది. ఇంగ్లీషు దస్త్రంలో అదే పేరు నాలుగు రకాలుగా కనబడుతుంది. స్కాన్ చేసి నెట్‌లో పెట్టిన పాత తెలుగు పుస్తకాలదీ ఇదే తంతు. పేరును ఇంగ్లీషు అక్షరాల్లో ఎక్కించేటప్పుడు దీర్ఘానికి ఒకచోట రెండక్షరాలు, ఒకచోట ఒకటే వేశారు. ‘స్త్రీ’ అన్న చిన్న మాటకే కనీసం మూడు రూపాలు వేసి చూడాలి. శ్రీకాకుళంలో కాళీపట్నం రామారావు 1997లో నెలకొల్పిన కథల గ్రంథాలయం ‘కథానిలయం’ ఈ పనిలో పెద్ద అండ. కథ పేరుతో, రచయిత పేరుతో, పత్రిక పేరుతో అక్కడ వెతకవచ్చు. అయితే ఆడపేరు కనబడగానే రచయిత్రి అని లెక్కలో వేసుకోకండి. ఆడపేర్లతో రాసిన మగవాళ్లున్నారు, ‘బీనాదేవి’ పేరుతో భార్యాభర్తలు కలిసి రాశారు. కథ చివర ఇచ్చిన పరిచయమో, తర్వాతి సంపుటి ముందుమాటో చూశాకే లెక్క రాయాలి.

పుస్తకాలను విషయం వారీగా సర్దడానికి డ్యూయీ అంకెలు వాడే గ్రంథాలయంలో స్త్రీల మీద పుస్తకాలన్నీ 305.4 దగ్గరే ఉంటాయనుకోవద్దు. ఆ విషయానికి మొదట 396, 1965 కూర్పు నుంచి 301.412, 1979 కూర్పు నుంచి 305.4 వచ్చాయి. పాత పుస్తకాలకు కొత్త అంకె వేసే తీరిక ఏ గ్రంథాలయానికీ పెద్దగా ఉండదు. అందుకే మూడు అరలూ చూడాలి, జీవిత చరిత్రలకు 920.72 కూడా.

పుస్తకమే దొరకనప్పుడు పనికొచ్చేది 1867 నాటి ముద్రణాలయాలు, పుస్తకాల నమోదు చట్టం. దాని ప్రకారం మద్రాసు ప్రభుత్వం మూడు నెలలకోసారి పుస్తకాల జాబితా ప్రకటించేది. రచయిత, అచ్చయిన చోటు, పుటలు, ప్రతుల సంఖ్య, వెల అందులో ఉంటాయి. ఆడపిల్లల వాచకమో, పెళ్లిపాటల పుస్తకమో ఎన్ని ప్రతులు వేశారో తెలిస్తే దాని వ్యాప్తిని అంచనా కట్టవచ్చు.

ఇంకా వెనక్కి వెళ్లేవాళ్లకు శాసనాలే గతి. ముఖలింగం, శ్రీకూర్మం శాసనాలు ‘దక్షిణ భారత శాసనాలు’ అయిదో సంపుటంలో, సింహాచలం శాసనాలు ఆరో సంపుటంలో ఉన్నాయి. గుడిలో అఖండదీపానికి దానమిచ్చిన స్త్రీలు వాటిలో కనబడతారు. ఈ సంపుటాల్లో మూలపాఠమే తప్ప అనువాదం ఉండదు. సూచికలో రాజుల పేర్లు వెతికి వదిలేస్తే ఈ దాతలు చేజారిపోతారు. ‘ఆలు’, ‘కూతురు’, ‘తల్లి’, ‘దేవి’ అన్న మాటల కోసం పాఠమంతా వరసగా చదవాల్సిందే.

ఈ శ్రమను ప్రతి విద్యార్థీ కొత్తగా పడనక్కర్లేదు. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల కేంద్ర గ్రంథాలయాలు కలిసి ఒక సూచిక మొదలుపెట్టాలి. ఒక్కో స్త్రీకి ఒక కార్డు. అందులో పుట్టింటి, అత్తింటి ఇంటిపేర్లు, పేరు రాసిన రకాలు, ఊరు, ఆనాటి తాలూకా, జిల్లా, దొరికిన చోటు పుట సంఖ్యతో సహా ఉండాలి. వెతికినా దొరకని చోట్లు కూడా అందులోనే రాయాలి. మొదటి కార్డు గున్నమ్మది కావచ్చు: మందస, 1936 దాకా గంజాం, ఆ తర్వాత విశాఖపట్నం, శాసనసభ చర్చలు, 1940: సభ లేదు, వెతకనక్కర్లేదు.