గోడెక్కిన టీవీ గారికి బహిరంగ లేఖ

టీవీ గారికి నమస్కారాలు.

మీరు 4కె అన్నారు, నమ్మాం. హెచ్‌డీఆర్ అన్నారు, అదేమిటో తెలియకపోయినా తలూపాం. ఇంత సన్నగా ఉన్నారేమిటని ఇంటికొచ్చిన చుట్టాలు మిమ్మల్ని పక్కనుంచి కూడా చూసి మెచ్చుకుని వెళ్లారు. మాకు ఒక్కటే సందేహం. మీ నోరెక్కడ పెట్టారు?

వెతికితే దొరికింది. అడుగున, నేలవైపు తిరిగి, 10 వాట్ల స్పీకర్లు రెండు. అంటే మీరు మాట్లాడేదంతా కింద ఉన్న టేబుల్‌తో, వెనకున్న గోడతో. మేం సోఫాలో కూర్చుని చాటుగా వింటున్నామన్నమాట. మీకు ముందు ఆ మూల ఉన్న డబ్బా టీవీని కదపాలంటే ఇద్దరు మనుషులు కావాల్సి వచ్చేది, నిజమే. కానీ ఆయన స్పీకర్లు మొహం మీదే పెట్టుకుని మాతోనే మాట్లాడేవాడు. వెనక అంత పొట్ట ఉండబట్టి గొంతుకూ బరువుండేది. గంభీరమైన శబ్దం రావాలంటే గాలి బాగా కదలాలి, అందుకు స్పీకరు వెనక కాస్త చోటుండాలి. నాజూకుతనం పేరుతో మీరు కోసేసింది ఆ చోటునే. పైన పటారం, లోన లొటారం!

దాని ఫలితం రోజూ రాత్రి అనుభవిస్తున్నాం. తెరమీద హీరో తల్లి చావుబతుకుల్లో ఏదో రహస్యం చెబుతుంది. వాల్యూం 38.

"ఏమందే?" అంటారు నాన్న.

"నాకూ వినపడలేదండీ" అంటుంది అమ్మ.

వెనక్కి జరిపి వాల్యూం 45 చేసేసరికి విలన్ గారి సుమోలు గాల్లోకి లేస్తాయి. రిమోట్ ఏ దిండు కిందో ఉంటుంది. పక్కగదిలో పసివాడు లేచి రాగం అందుకుంటాడు.

తప్పంతా మీదే అనను. సినిమా శబ్దాన్ని 5.1లో, అంటే ఐదు స్పీకర్లకూ బేస్ కోసం మరోదానికీ విడివిడిగా పంచి కలిపేటప్పుడు మాటల్ని ఎక్కువగా మధ్య స్పీకరుకు ఇస్తారు. మీకు మధ్య స్పీకరే లేదాయె. మాటలు, బాంబులు, వయొలిన్లు అన్నిటినీ ఆ రెండింట్లోకే కుక్కి సర్దుకోమంటారు. సర్దుకోవాల్సింది మా చెవులు.

కట్నం పుచ్చుకున్నాక బండి కూడా కావాలని అలిగిన అల్లుడిలా, మీరు వచ్చాక మీకో సౌండ్‌బార్, అంటే టీవీ ముందు పెట్టే పొడుగాటి స్పీకరు, కొనాల్సి వచ్చింది. ఆఫర్‌లో 14,999 కొట్టేసి 4,499 అన్నారు. ఆ కొట్టేసిన ధరకు ఎవరైనా ఎప్పుడైనా కొన్నారో లేదో దేవుడికే తెలియాలి. అట్ట మీద 160 వాట్లని పెద్దక్షరాలు, పీక్ (అంటే ఒక్క క్షణం అందుకునే గరిష్ఠం) అని చీమతలకాయంత అక్షరాలు. డాల్బీ బొమ్మ సరేసరి. అది ఉన్నంత మాత్రాన వెనకనుంచి వాన కురవదని అందరికీ తెలుసు, అయినా దాన్ని చూస్తే అదో తృప్తి.

మొదట బ్లూటూత్‌తో కలిపాం. న్యూస్ యాంకర్ పెదవులు ముందు కదిలి, మాట తర్వాత తాపీగా వచ్చింది. సరే, కేబుల్ పెడదామంటే మీకున్న హెచ్‌డీఎంఐ పోర్టుల్లో ఏఆర్‌సీ అని, అంటే మీ శబ్దాన్ని బయటి స్పీకరుకు పంపేదని, రాసింది ఒక్కటే, అదీ గోడకు ఆనుకుని. ఈ ఏఆర్‌సీ 2009లో హెచ్‌డీఎంఐ 1.4తో వచ్చింది. ఇన్నేళ్లలో దాన్ని చెయ్యి దూరే చోట పెట్టాలని మీవాళ్లలో ఒక్కరికీ తోచలేదు! కలిపాక మీ సొంత స్పీకర్లు ఆపడం మరిస్తే ఇద్దరూ ఒకే మాటను ముందూ వెనకగా పలుకుతారు, బావిలోంచి విన్నట్టే.

బార్‌తో పాటు వచ్చిన సబ్‌వూఫర్, అదే బేస్ మోగించే డబ్బా, సంగతి మర్నాడు తెలిసింది. కింది ఫ్లాట్ ఆయన లిఫ్టులో కలిసి, "రాత్రి మీ క్లైమాక్స్ అదిరిందండీ" అన్నారు. నవ్వలేదు. ఆ సాయంత్రమే బేస్ తగ్గించి, రిమోట్‌లో డైలాగ్ అన్న బటన్ నొక్కాం. అంతే, మాటలు విడివిడిగా వినపడ్డాయి. వాల్యూం సగానికి దిగింది, నాన్న "ఏమందే" అనడం తగ్గింది. ఈ సౌండ్‌బార్ గొప్పదేం కాదు, పాటలు వినడానికైతే నేను కొనను. కాకపోతే మావైపు తిరిగి మాట్లాడుతుంది. మీకు చేతకానిది అదే.

కాబట్టి వచ్చే మోడల్‌లో మరో రెండు వేళ్ల మందం పెరగండి. మేమేమీ అనుకోం. ఈలోగా చిన్న మనవి: కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ బార్‌ను మరిచిపోయి మీ సొంత గొంతుతో మొదలుపెడుతున్నారు. అది మానుకోండి.

ఇట్లు,
మీ ఈఎంఐ ఇంకా కడుతున్న కుటుంబం