బస్సు దిగితే మైలపడతామా?

ఈ వేసవిలో ఇక్కడ ఇంగ్లండ్‌లో మన తెలుగు సంఘం వేసిన ఆక్స్‌ఫర్డ్‌షైర్ యాత్రకు రానివాళ్లకు కూడా ఫోటోలు వాట్సాప్‌లో చేరే ఉంటాయి. స్టోక్ రో బావి దగ్గర గంటకు పైగా ఆగాం. వాలింగ్‌ఫర్డ్ కోట శిథిలాల పక్క గడ్డిలో దుప్పట్లు పరుచుకుని పులిహోర, గారెలు లాగించాం. తీరా యూవెల్మ్ ఊళ్లోకి వచ్చేసరికి "చర్చే కదండీ, మనకెందుకు? ఇప్పటికే లేటయింది" అన్నారొక పెద్దాయన. "పిల్లలకి చూపించాల్సింది మన గుళ్లు" అని వెనక సీటు అందుకుంది. కార్యవర్గం నోరు మెదపలేదు. బస్సు దిగినవాళ్లని వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. మిగతావాళ్లు ఏసీలో అంత్యాక్షరి ఆడుకున్నారు.

బావి మీద నాకేం కోపం లేదు. ఆ ప్రాంతపు ఇంగ్లీషు దొర ఒకాయన ఉద్యోగరీత్యా కాశీలో ఉన్నప్పుడు, మా ఊళ్లో చివరి గుక్క నీళ్లు తాగేశాడని పిల్లాణ్ణి తల్లి కొట్టిందని మహారాజుతో చెప్పాడట. ఆ మాట మనసులో పెట్టుకుని కాశీరాజు 1864లో అక్కడ 368 అడుగుల బావి తవ్వించి ఇచ్చాడు. గుమ్మటం కింద బంగారు పూత ఏనుగు బొమ్మ కూడా ఉంది. "మనాయన తవ్వించాడు" అంటూ సెల్ఫీలు దిగాం. బాగానే ఉంది. కానీ కాశీరాజు మనాయన అయిపోయాడు, యూవెల్మ్ పేదలకు గూడు కట్టిన ఆలిస్ మాత్రం పరాయిదైపోయింది. ఇదేం లెక్క?

ఆలిస్ అంటే పాతకాలపు ఇంగ్లీషు కవి చాసర్ మనవరాలు, సఫోక్ డచెస్ (రాణి తర్వాత అంతటి హోదా). 1437లో ఆవిడా, భర్తా కలిసి చర్చిని ఆనుకుని 13 మంది బీదవాళ్లకు వసతి గృహం, పక్కనే బడి కట్టించారు. ఆ ఇటుక గోడల మధ్య ఇప్పటికీ వయసు మళ్లినవాళ్లు కాపురముంటున్నారు. బళ్లో ఇప్పటికీ పిల్లలు చదువుతున్నారు. ఇది మనకి కొత్తా? 1261 నాటి మల్కాపురం శాసనం తెలిసినవాళ్లు చెప్పాలి. రుద్రమదేవి వెలగపూడి గ్రామాన్ని రాసిచ్చింది (అవును, ఇప్పుడు సచివాలయం ఉన్న వెలగపూడే). గుడితో పాటు మఠం, బడి, ఆరోగ్యశాల, ప్రసూతిశాల, అన్నసత్రం అన్నీ నడవాలని ఆ దానం. ఆలిస్ చేసింది అచ్చం అలాంటి పనే.

1475లో పోయిన ఆలిస్ సమాధి చర్చి లోపలే ఉంది. పైన అలబాస్టర్ అనే తెల్లరాతిలో డచెస్ చేతులు జోడించుకుని పడుకుని ఉంటుంది, ఎడమ ముంజేతికి గార్టర్ (రాజుగారిచ్చే పెద్ద బిరుదు) పట్టీ. అసలు సంగతి కింద ఉంది. రాతి జాలీ సందుల్లోంచి చూస్తే అదే మనిషి, ఎముకలు తేలిన శవంగా. ఆ శవానికి ఎదురుగా, రాతి కప్పు అడుగున రంగుల బొమ్మలు వేశారు. అవి కనిపించేది ఆ శవానికి, లేదా నేల మీద వెల్లకిలా పడుకున్నవాళ్లకి. మా పక్కింటి పిన్నిగారు, మోకాళ్ల నొప్పులతో మెట్టు మెట్టుకీ మూలిగే మనిషి, చీర కుచ్చిళ్లు దోపుకుని నేల మీద కూలబడ్డారు. "అమ్మాయ్, ఇటు రా! లోపల బొమ్మలేశారే! ఎవరికి కనిపిస్తాయని ఇంత ఖర్చు?" అని గట్టిగా అరిచారు. పూలు సర్దుతున్న ఇంగ్లీషు ముసలావిడ పరుగున వచ్చి ఆవిడ పక్కనే కూర్చుంది. మిగతావాళ్లు బస్సులో ఉండిపోయారేమని ఆవిడ అడిగితే, "మోకాళ్లు" అనేశారు పిన్నిగారు, నేల మీదనుంచే.

తలుపు పక్కన బోర్డు మీద ఏ వారం ఎవరు పూలు పెట్టాలో పేర్ల పట్టీ ఉంది. ఆ పేర్లే మళ్లీ మళ్లీ వచ్చాయి. 'చర్చ్ ఆఫ్ ఇంగ్లండ్' అనే ఇక్కడి క్రైస్తవ శాఖకి దాదాపు 16 వేల చర్చిలున్నాయి. వాటి రోజువారీ పోషణకు సర్కారు డబ్బివ్వదు, ఆ ఊరివాళ్లే పెట్టుకోవాలి. పైకప్పు సీసం దొంగలెత్తుకుపోతే మళ్లీ చందాలు. మరమ్మతు మీద వ్యాట్ వాపసుకు కూడా 2025 ఏప్రిల్లో ఒక్కో చర్చికి ఏడాదికి 25 వేల పౌండ్ల పరిమితి పెట్టారు.

మన ఊళ్ల గుళ్ల గురించి నేను మాట్లాడను. మాట్లాడితే మా శివాలయం స్తంభాలకు కొట్టిన ఎనామిల్ పెయింటు, శాసనం మీద అతికించిన టైల్సు అన్నీ బయటకొస్తాయి. ఆ టైల్స్ దాతల జాబితాలో మా నాన్నగారి పేరూ ఉంది. అయినా ఏ సోమవారం వెళ్లినా అక్కడ కాలు పెట్టడానికి చోటుండదు. ఇక్కడ రాయి పదిలంగా ఉంది, మనుషులే కరువు.

"ముందు బ్రిటిష్ మ్యూజియంలోని అమరావతి శిల్పాలు తిరిగిమ్మనండి" అని గ్రూపులో ఒకరు రాశారు. ఇమ్మందాం, నేనూ సంతకం పెడతాను. ఆ తగువు లండన్‌లో తేల్చుకోవాలి, యూవెల్మ్‌లో పూలు సర్దే ముసలావిడ దగ్గర కాదు. మన ఉగాదికీ బతుకమ్మకీ తక్కువ అద్దెకి దొరికేది చర్చి హాలే. తిరగమోత ఘాటుకు అక్కడ ఎవరూ ముక్కు మూసుకోలేదు.

కార్యవర్గానికి నా మనవి. వచ్చే యాత్ర టికెట్లో మనిషికి రెండు పౌండ్లు ఎక్కువ తీసుకుని, ఆగిన ప్రతి ఊరి చర్చి డబ్బాలో వెయ్యండి. చెత్త ఏరడానికో, గడ్డి కొయ్యడానికో ఏడాదికో శనివారం మనవాళ్లని పంపండి, మనకి కుర్రాళ్లకేం తక్కువ? డార్చెస్టర్ అబ్బీ (పాత మఠపు చర్చి) కూడా చేర్చండి. అక్కడ కత్తి దూస్తూ పడుకున్న పదమూడో శతాబ్దపు రాతి వీరుణ్ణి చూస్తే పిల్లలు ఫోన్లు పక్కన పెడతారు. ఒక్క షరతు: చర్చిలు భోజనానికి ముందే పెట్టించండి. పులిహోర తిన్నాక మనవాళ్లు ఏ దేవుడికోసమూ బస్సు దిగరు.