పది డాలర్లు కట్టి తప్పించుకున్న ఆరేళ్లు

న్యూజెర్సీలో మా పెద్దోడు బడికి పోయిన ఆరేళ్లూ అక్కడి పేరెంట్స్ అసోసియేషన్‌కు ఏటా పది డాలర్ల సభ్యత్వం కట్టాను. కట్టానంతే. సెప్టెంబర్ రాగానే, బడి పనుల్లో సాయానికి పేరు రాసుకునే సైన్ అప్ షీటు వచ్చేది. బుక్ ఫెయిర్‌లో అరగంట, ఫొటోల రోజు ఒక గంట, అన్నీ చిన్నచిన్న గడులు. చూసి మూసేసి, "మనకెక్కడ టైం" అని మావారితో అనేదాన్ని. అదే నెలలో అక్కడి మన తెలుగు సంఘం బతుకమ్మకు తంగేడు లేదు కదా, దాని బదులు ఏ పసుపు పూలు దొరుకుతాయా అని మూడు దుకాణాలు తిరిగిన మనిషిని మరి.

అత్తమ్మకు ఒంట్లో బాగుండక మూడేళ్ల కింద వరంగల్ వచ్చేశాం. ఇల్లు మిర్చి మార్కెట్ ఉన్న ఏనుమాముల వైపు. ఉద్యోగం మాత్రం అమెరికాదే, రాత్రి ఏడున్నరకు లాగిన్ అయితే రెండింటి దాకా. చిన్నదాన్ని రెండు సందుల అవతలున్న సర్కారు బడిలో వేశాను. "అమెరికా నుంచి వచ్చి సర్కారు బడేంది" అని చుట్టాలంతా ముక్కున వేలేసుకున్నారు. ఆ పంచాయితీ ఇంకోసారి చెప్తా.

వేశాక తెలిసిందేమంటే, ఇక్కడ తల్లిదండ్రుల కమిటీ చట్టంలోనే ఉంది. 2010 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చిన విద్యాహక్కు చట్టం ప్రకారం సర్కారు బడికైనా ఎయిడెడ్ బడికైనా స్కూల్ మేనేజ్‌మెంట్ కమిటీ, అదే ఎస్ఎంసీ, ఉండాలి. సభ్యుల్లో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులే, మొత్తంలో సగం మంది ఆడవాళ్లు. సర్కారు బడిలో అయితే ఏం కావాలో ప్లాన్ రాయడం, వచ్చిన గ్రాంటు ఎట్లా ఖర్చయిందో అడగడం వాళ్ల పని. సమగ్ర శిక్షా అనే కేంద్ర పథకం లెక్కలో వంద దాటి 250 దాకా పిల్లలున్న బడికి ఏడాదికి 50 వేలు. చాక్‌పీసుల నుంచి చీపుర్ల దాకా అందులోనే సర్దుకోవాలి కాబట్టి ఎవరో ఒకరు కూర్చుని లెక్క చూస్తేనే మంచిది. 2024లో తెలంగాణలో అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలు కూడా వచ్చాయి. మహిళా సంఘం అధ్యక్షురాలు చైర్‌పర్సన్, హెడ్‌మాస్టర్ కన్వీనర్. లక్షల ఫీజు కట్టే ప్రైవేటు బడిలో ఈ చట్టం కింద తల్లికి ఇట్లాంటి కమిటీ లేదు. అక్కడ మనకు దక్కేది వాట్సాప్ గ్రూపూ, "రేపు ఏ కలర్ డ్రెస్సు?" అన్న ప్రశ్నానూ.

కాగితం మీద ఇంత బాగుంది. మొదటి మీటింగుకు పోతే తల్లిదండ్రులం ఇద్దరమే ఉన్నాం. పనిరోజు, పొద్దున పదకొండు గంటలు. మిగతా సంతకాల కోసం తీర్మానాల పుస్తకం తర్వాత ఇంటింటికీ తిరిగింది. పదకొండింటికి మీటింగు పెడితే కైకిలికి పోయే అమ్మ ఎట్లా వస్తుంది? వస్తే ఆ రోజు కూలి పాయె. రాకపోతే మాత్రం "తల్లిదండ్రులకు శ్రద్ధ లేదు" అనేస్తాం. నేనూ అన్నదాన్నే.

రెండోసారి సాయంత్రం ఆరున్నరకు పెట్టమని అడిగాం. "నాకు బస్సు దొరకదమ్మా" అని హెడ్‌మాస్టర్ సారు కాసేపు గునిసి, సరే అన్నారు. పదకొండు మంది వచ్చారు. ఫిబ్రవరి, మిర్చి సీజన్ నడుస్తున్న రోజులు. ఒకామె తొడిమలు తీసే పని నుంచి నేరుగా వచ్చింది. ఆమె గడప దాటగానే గదంతా తుమ్ములు, సారుతో సహా. వేళ్లకు గుడ్డపేలికలు చుట్టుకుని ఉంది. ఆమె బిడ్డ ఉరికొచ్చి మీద పడబోతే మోచేత్తో ఆపింది. "ఆగు బిడ్డా, కండ్లు మండుతయ్. తానం చేసినంక."

ఎవరెవరు ఏం పని చూసుకుంటారని సారు అడిగారు. ఆమె అన్నది: "నాకు సదువు రాదు సార్. మా సందుల తొమ్మిదిమంది పిల్లలున్నరు. ఎవరు రాలేదో పొద్దుమీకి ఫోన్ జేసి చెప్పుండ్రి, ఇంటికి పోయేటప్పుడు ఆళ్లింట్ల తొంగిచూసి పోత." అంతే, కూర్చుంది. సీజన్‌లో తల్లి పనికి పోతే పసిదాన్ని చూసుకోవడానికి పెద్దపిల్లను ఇంట్లో ఆపేస్తారు. టీచరు పోయి అడిగితే "జ్వరం మేడం" అంటారు. ఆమె అడిగితే అసలు సంగతి చెప్తారు, ఒక్కోసారి పసిదాన్ని ఎవరి దగ్గర వదలాలో కూడా అక్కడే తేలిపోతుంది.

ఇక నా సంగతి. లైబ్రరీ మొత్తం నేను చూసుకుంటానని చెయ్యెత్తాను. మన సంఘం మిత్రులు తొమ్మిది కార్టన్ల పుస్తకాలు పంపారు. అవి వచ్చిన వారమే ఆఫీసులో సాఫ్ట్‌వేర్ రిలీజు, ఊపిరాడని పని. ఆ తర్వాత ఇంకో రిలీజు. కార్టన్లు స్టోర్ రూంలో నేల మీదే వానాకాలం గడిపాయి. దసరా సెలవుల ముందు పోయి కింది కార్టన్ ఎత్తితే అట్ట అడుగు అక్కడే ఉండిపోయి పైభాగం చేతికొచ్చింది. చెదలు మట్టి గూళ్లు కట్టి, పుస్తకాల అంచులన్నీ జల్లెడ. పైన మిగిలినవి మా మూడో తరగతి పిల్లలు కూడబలుక్కున్నా చదవలేని ఇంగ్లిషు. ఏ పుస్తకాలు కావాలని టీచర్లను నేను అడగనే లేదు. పంపినవాళ్లలో కొందరు ఇది చదువుతుంటారు. పోస్టేజీ కూడా మీరే పెట్టుకున్నారు, క్షమించండి.

బిజీగా ఉండే మనలాంటి వాళ్లతో చిక్కే ఇది. అయితే ఏదీ ముట్టుకోం, లేకపోతే మొత్తం మీదేసుకుని నడుమ వదిలేస్తాం. అప్పట్లో నేను మూసేసిన ఆ షీటు తెలివి ఇప్పుడు అర్థమవుతోంది. ఏ రోజు, ఎన్ని గంటలకు, ఎంతసేపు అని ముందే రాసిపెట్టి, ఆపైన మనిషిని అడుగుతుంది. "బడికి సాయం చేయండి" అంటే ఎవరూ కదలరు. "గురువారం పన్నెండున్నరకు పావుగంట" అంటే ఎవరో ఒకరు దొరుకుతారు. ఇక్కడి బడులు కూడా అట్లాగే అడగాలి, మీటింగులు కూలికి పోయేవాళ్లు వచ్చే వేళకే పెట్టాలి. అమెరికాలో ఉన్న మీరు సొంతూరి బడికి టీవీయో ప్రొజెక్టరో కొనేముందు కమిటీకి ఒక ఫోన్ చేయండి. వాళ్ల ప్లాన్‌లో మొదటి వరుసలో బాత్రూం తలుపు గడియ ఉండొచ్చు. అక్కడ మీ పిల్లల బడి షీటు వస్తే ఒక గడిలో పేరు కూడా రాయండి.

ఒకరోజు ఆ మిర్చి అక్క అడిగింది, "అమెరికాల గూడ గిట్ల బడికి పోయెటిదానివా అక్కా?" అని. పది డాలర్ల సంగతి చెప్పాను. పకపకా నవ్వి, "అంటే పైసలిచ్చి తప్పిచ్చుకున్నవ్!" అన్నది.

లైబ్రరీ ఇప్పుడు ఒక టీచరు చేతిలో ఉంది, రెండు ర్యాకులు, తెలుగు పుస్తకాలు. నాకు గురువారం ఇచ్చారు. మధ్యాహ్న భోజనం పిల్లలకు పెట్టకముందు ఒక టీచరుతో పాటు పెద్దవాళ్లు రుచి చూడాలని 2015 నాటి నియమం. రాత్రి డ్యూటీ మనిషికి పన్నెండున్నర అంటే టిఫిన్ వేళే కదా, నాకు భలే కుదిరింది. మొన్న గురువారం రిజిస్టర్లో "చారులో ఉప్పు ఎక్కువ" అని రాసి సంతకం పెట్టాను. వంట చేసే అవ్వ ఆ వరుస ఎవరితోనో చదివించుకుని వచ్చి, గరిటె చేతిలో పట్టుకునే అన్నది: "మీ ఇంట్ల సప్పగ తింటరేమో మేడం. ఇంకో ముద్ద తిని రాయుండ్రి."

తిన్నాను. ఎక్కువే.