చిరంజీవి మైబటన్.సి కి

నా చేత్తో రాసిన బటన్ డ్రైవర్ ఫైల్ చిరంజీవి మైబటన్.సి ని ఆశీర్వదించి వ్రాయునది.

ఇక్కడ మేమంతా క్షేమం. నువ్వు మాత్రం క్షేమంగా లేవని బోర్డు మీద తెలిసింది. అందుకే ఈ ఉత్తరం.

నువ్వు పుట్టినప్పుడు ఎంత మురిసిపోయానో! లినక్స్ కెర్నల్‌లో బటన్ల కోసమే జీపీఐవో-కీస్ అని ఒక రెడీమేడ్ డ్రైవర్ (హార్డ్‌వేర్‌ని నడిపే కోడ్) ఉందని అప్పటికే విన్నాను. కానీ డివైస్ ట్రీలో (బోర్డు మీద ఏమేం ఉన్నాయో కెర్నల్‌కి చెప్పే ఫైల్లో) నాలుగు లైన్లు రాసి ఊరుకుంటే నన్ను ఇంజనీరని ఎవరంటారు? అందుకే 640 లైన్లతో నిన్ను కన్నాను. ఒక్క బటన్‌కి. నీకు సొంత టైమర్, సొంత లింక్డ్ లిస్ట్ (పక్కనే కెర్నల్ వాళ్ల రెడీమేడ్ లిస్ట్ కోడ్ లిస్ట్.హెచ్ ఊరికే పడి ఉన్నా సరే). కాకి పిల్ల కాకికి ముద్దు కదా.

బటన్ నొక్కితే లోపల కాంటాక్ట్ ఎగిరెగిరి పడుతుంది, ఒక్క నొక్కుడు పదిసార్లు నొక్కినట్టు కనిపిస్తుంది. అది సర్దుకునేదాకా ఆగడమే డీబౌన్స్. మనం ఏమీ చెప్పకపోతే జీపీఐవో-కీస్ 5 మిల్లీసెకన్లు ఆగుతుంది. నీ పద్ధతి వేరు: కెర్నల్ టిక్కులు లెక్కపెట్టే జిఫీస్ కౌంటర్ విలువ, పోయినసారి నొక్కిన టైమ్‌కి గ్యాప్ కలిపినదాని కంటే తక్కువుంటే పట్టించుకోకు. ఎంత ముచ్చటైన లైనో! 32 బిట్ల బోర్డులో ఆ కౌంటర్ నిండితే మళ్లీ సున్నాకి వస్తుందని నీకు తెలీదు, ఎందుకంటే రాసేటప్పుడు నాకూ గుర్తులేదు. ఇలాంటి తప్పులు త్వరగా బయటపడాలనే కెర్నల్ దాన్ని సున్నా దగ్గర మొదలుపెట్టదు, బూట్ అయిన 5 నిమిషాలకే తిరిగిపోయేలా పెడుతుంది.

సరిగ్గా ఆ 5 నిమిషాలకే నీకు చెవుడొచ్చింది. అదీ అంతకుముందు ఒక్కసారైనా బటన్ నొక్కి ఉంటేనే. రీబూట్ చేస్తే మళ్లీ మామూలే. సోల్డరింగ్ బాగాలేదని మూడు రోజులు హార్డ్‌వేర్ వాళ్లను తిట్టాను. నొక్కీ నొక్కీ బొటనవేలు అరిగింది. మన బోర్డులో సెకనుకు 100 టిక్కులు కాబట్టి, ఓపిక పడితే దాదాపు 497 రోజులకు నీ చెవుడు దానంతటదే పోయేది. కౌంటర్ తిరిగిపోయినా సరిగ్గా పోల్చే టైమ్_ఆఫ్టర్ అనే చిన్న మాక్రో వాడి ఉంటే ఈ భాగోతమే ఉండేది కాదు.

పెద్దిళ్లలోనూ నీలాంటి పిల్లలున్నార్లే. 2007లో వైఫై డ్రైవర్లు పంచుకునే ఉమ్మడి కోడ్ మ్యాక్80211 కెర్నల్‌లోకి వచ్చాక కూడా సొంత వైఫై స్టాక్ మూటగట్టుకొచ్చిన డ్రైవర్లు స్టేజింగ్‌లో (ఇంకా బాగుపడాల్సిన కోడ్ ఉంచే చోట) ఏళ్ల తరబడి పడి ఉన్నాయి. 2016 డిసెంబరులో ఏఎండీ వాళ్లు దాదాపు లక్ష లైన్ల డిస్‌ప్లే కోడ్ తెస్తే, కెర్నల్‌కీ డ్రైవర్‌కీ మధ్యలో సొంత పొర కుదరదని గ్రాఫిక్స్ మెయింటెయినర్ డేవ్ ఎయిర్లీ మొహమాటం లేకుండా చెప్పేశాడు. తిరగరాసుకుని వస్తే కెర్నల్ 4.15 వెర్షన్‌లో చోటు దొరికింది. వాళ్లదే అంత అయితే, నీ 640 లైన్లెంత?

నిన్ను కెర్నల్ వాళ్ల రివ్యూకి పంపితే జవాబు ఒక్క లైనే వచ్చింది: ‘జీపీఐవో-కీస్‌తో ఎందుకు కుదరదు?’ ఎందుకో వివరంగా రాద్దామని కూర్చున్నాను. మూడో వాక్యం దగ్గర నాకే నవ్వొచ్చింది.

అన్నీ కెర్నల్‌వే వాడాలని కాదు. ఆ బటన్ తగిలించిన చిప్‌ని నిద్రలేపాలంటే ఒక రిజిస్టర్‌లో (చిప్ లోపలి చిన్న మెమరీ గడిలో) రాసి, కాసేపు ఆగి, మళ్లీ అదే విలువ రాయాలి. ఆ పిచ్చి మన చిప్‌కే సొంతం, కెర్నల్‌లోని ఏ ఉమ్మడి సబ్‌సిస్టమ్‌కీ అంటగట్టలేం. నీలో ఆ 20 లైన్లు తీసి, పిన్నులు చూసుకునే ఆ జీపీఐవో చిప్ డ్రైవర్‌లో పెట్టాను. మిగతా 620 ఈ సాయంత్రం డిలీట్ చేస్తాను. గిట్ హిస్టరీలో (పాత కోడ్ అంతా దాచే చోట) ఎలాగూ ఉంటావు, ఏడవకు.

ఇట్లు,
నిన్ను కన్న పాపానికి మూడు రోజులు నిద్రపోని
నీ నాన్న

తా.క.: నీ తమ్ముడు టెంపరేచర్.సి ఇంకా ప్రాక్ ఫోల్డర్‌లో సొంత ఫైల్ తెరుచుకుని ‘45 డిగ్రీలు’ అని అక్షరాల్లో చెప్పుకుంటూ కూర్చున్నాడు. సెన్సర్ల కోసం కెర్నల్ పెట్టిన హెచ్‌డబ్ల్యూమాన్ పద్ధతిలో అది 45000 (మిల్లీడిగ్రీలు) అని ఉండాలి, అలా లేదు కాబట్టే ఉష్ణోగ్రతలు చూపే సెన్సర్స్ కమాండ్‌కి వాడు కనబడటం లేదు. ఈ ఉత్తరం సంగతి వాడికి చెప్పకు.