పేరు బోర్డు మార్చే ముందు పోస్టులివ్వండి

నాగార్జున, కాకతీయ, శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయాలు మూడూ ఒకప్పుడు పీజీ సెంటర్లే. గుంటూరులో ఆంధ్రా, వరంగల్‌లో ఉస్మానియా, అనంతపురంలో శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయాలు తెరిచిన కేంద్రాలవి. మొదటి రెండూ 1976లో, మూడోది 1981లో సొంతంగా నిలబడ్డాయి. విశాఖకో, హైదరాబాదుకో, తిరుపతికో పంపి చదివించే స్తోమత లేని ఇళ్ల నుంచి ఎందరో ఎమ్మేలు, ఎమ్మెస్సీలు చేయగలిగారంటే అది ఆ కేంద్రాల చలవే.

2006-08 మధ్య కడప, నల్గొండ, పాలమూరు, ఎచ్చెర్ల, కర్నూలు కేంద్రాలూ అదే బాటన విశ్వవిద్యాలయాలయ్యాయి. ఈమధ్యే ఒంగోలు ప్రాంగణం ఆంధ్రకేసరి విశ్వవిద్యాలయమైంది. మేం దీన్ని మనసారా స్వాగతిస్తున్నాం. అయితే పేరు వచ్చినంత వేగంగా అధ్యాపకులు రావడం లేదు. ఆంధ్రప్రదేశ్ 2023లో 3,220 బోధన పోస్టులకు ఇచ్చిన ప్రకటన కోర్టు వివాదాల్లో చిక్కుకుంది. తెలంగాణలో విశ్వవిద్యాలయాల ఉమ్మడి నియామక బోర్డు బిల్లు 2022లో శాసనసభ దాటి రాజ్‌భవన్‌లో ఆగిపోయింది. ఈలోగా తరగతులను నెట్టుకొస్తున్నది ఎక్కువగా కాంట్రాక్టు, పార్ట్‌టైమ్ అధ్యాపకులే. ఏటా రెన్యువల్ కోసం ఎదురుచూస్తూనే వాళ్లు ఒక్క పాఠమూ వదలకుండా చెబుతున్నారు. వాళ్ల రుణం ఈ సమాజం ఇంకా తీర్చుకోలేదు.

అసలు దెబ్బ పరిశోధనకు తగులుతోంది. విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) నిబంధనల ప్రకారం పీహెచ్‌డీ గైడ్‌గా ఉండాలంటే రెగ్యులర్ అధ్యాపకుడే కావాలి. ఒకేసారి ప్రొఫెసర్ ఎనిమిది మందికి, అసోసియేట్ ఆరుగురికి, అసిస్టెంట్ ప్రొఫెసర్ నలుగురికి మించి మార్గదర్శనం చేయరాదు. అంటే ఒకే ఒక్క అసిస్టెంట్ ప్రొఫెసర్ ఉన్న విభాగంలో నలుగురికి మించి స్కాలర్లు ఉండలేరు. డాక్టరేట్ చేసి ఏళ్లుగా అక్కడే పాఠాలు చెబుతున్న కాంట్రాక్టు అధ్యాపకుడు గైడ్ కాలేడు. నెట్, సెట్ లాంటి అర్హత పరీక్షలు గట్టెక్కిన పల్లె విద్యార్థి మళ్లీ పెద్ద నగరానికి రైలెక్కాల్సిందే. ఏ ప్రయాణం తప్పించడానికి ఆ ప్రాంగణం పెట్టారో ఆ ప్రయాణమే అతనికి మిగులుతోంది.

ఇంకా తమను తెరిచిన విశ్వవిద్యాలయం నీడలోనే ఉన్న ప్రాంగణాల ఇబ్బంది వేరు. గాజు సామాన్లకో రసాయనాలకో పెట్టిన ఇండెంట్ (కొనుగోలు కోరే పత్రం) కూడా రిజిస్ట్రార్ సంతకం కోసం వెళ్లి రావాలంటే అంతదాకా ప్రాక్టికల్స్ వేచి ఉండవు కదా! అలాంటి ఖర్చుకు ప్రిన్సిపల్ సంతకం చాలని ఒక్క ఉత్తర్వు ఇస్తే సరిపోతుంది.

తమ జిల్లా ప్రాంగణాన్ని విశ్వవిద్యాలయం చేయాలని అడిగే ప్రజాప్రతినిధులను మేం కోరేదొకటే. ఆ కోరికతోపాటే విభాగాలవారీగా మంజూరు పోస్టుల జాబితానూ, జీతాల పద్దునూ అడగండి. ఇప్పటికే ఉన్న విశ్వవిద్యాలయాల విషయంలో కోర్టు చిక్కులను విప్పి నియామకాలు పూర్తిచేయించే బాధ్యత రెండు ప్రభుత్వాలదీ. వచ్చే విద్యాసంవత్సరం ప్రవేశాలు మొదలయ్యేలోపే అది జరగాలి.